అన్నీ ఎడమ చేతులే

పక్కింటావిడ అందట, నేను మనిషినయ్యానని. నాతో కాదు, ఇస్త్రీ చేసే అతనితో. అతను మడతపెట్టిన చొక్కాలతో పాటు ఆ మాటనూ మా ఆయన చేతిలో పెట్టాడట. మా ఆయన దాన్ని రెండు రోజులు బుగ్గన పెట్టుకుని తిరిగి, ఇందాక ఈ ఆసుపత్రి మెట్లెక్కుతూ ఇక ఆగలేక నాకు చెప్పేశాడు. "కత్తెరమ్మ మనిషైందయ్యా. ఇప్పుడు ఆ ఇంట్లోంచి గిన్నె పడ్డ చప్పుడు లేదు, పాలు మాడిన కంపు లేదు, తాళంచెవి కోసం వీధి వీధంతా లేపడం లేదు. ఎవరు ఏం మందు పెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగుండ" అందట. నాకూ నవ్వొస్తుందనుకుని నవ్వుతూ చెప్పాడు. నవ్వాను కూడా. ఒకప్పుడైతే ఆ మాట సగంలో ఉండగానే లాక్కుని, పక్కింటావిడ గొంతు పెట్టి, ఆవిడ మెడ తిప్పే తీరూ కొంగు దులిపే తీరూ ఆడి చూపించి, ఆయన్ని ఆ మెట్ల మీదే పొట్ట పట్టుకుని కూలబడేలా చేసేదాన్ని. ఇవాళ చివరిదాకా విన్నాను. విన్నాక ఏం చెయ్యాలో తెలియక నవ్వాను. మందు పెట్టారన్న మాట మాత్రం నిజమే. రోజూ పొద్దున తిన్నాక, గ్లాసెడు నీళ్ళతో, నాకు నేనే పెట్టుకుంటున్నాను.

ఇక్కడ కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించేశారు. ఒకరు లేస్తే వరసంతా ఊగుతుంది, ఒకరు కాలు ఆడిస్తే వరసంతా వణుకుతుంది. ఇదివరకు ఏ వరసలో కూర్చున్నా ఆ ఆడించేది నేనే. సినిమాహాల్లో ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన, నాకేం సంబంధం లేదన్నట్టు కప్పుకేసి చూసేవాడు. ఇప్పుడు నా కాళ్ళు రెండూ తడిసిన మూటల్లా నేల మీద పడి ఉన్నాయి, ఆడిస్తున్నది ఆయన. గోడ మీద ఎర్ర అంకెల బోర్డు, నా చేతిలో చీటీ. బోర్డు చూస్తాను, చీటీ చూస్తాను, చీటీలోకి దిగేసరికి బోర్డు మీద ఉన్నది జారిపోతుంది, మళ్ళీ తలెత్తుతాను. పక్కన కిటికీ ఉంది, దానికి రంగు వేసినవాడు రెక్కనూ చట్రాన్నీ కలిపి పూసేశాడు, ఇక అది తెరుచుకోదు. టీవీ నడుస్తోంది గానీ గొంతు నొక్కేశారు, ఎవరో కోటు తొడుక్కున్న మనిషి వేలు చూపించి ఎవరినో తిడుతున్నాడు, ఆ కోటు భుజం కుట్టు వెనక్కి పోయింది, పెద్ద దుకాణంలో కొన్నదే అయి ఉంటుంది, అయినా పోయింది. ఒళ్ళో సంచీ. సంచీలో నా కత్తెర, రెండు గుడ్డముక్కలు. బరువు కత్తెర, పిడి నా బొటనవేలికి తగ్గట్టు అరిగింది. బట్టలు కోసే మా పనిలో ఒకరి కత్తెర ఇంకొకరు ముట్టరు. తల్లీ కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర నిలబడినా ఎవరిది వాళ్ళదే. ఇది బల్ల మీద ఉండాల్సింది ఇలా సంచీలో ఎందుకుందో మా ఆయనకు తెలియదు. ఆసుపత్రిలోకి కత్తెర ఏమిటని అడిగితే మరిచిపోయి తెచ్చానంటాను. ఆ జవాబు ఆయన వెంటనే నమ్ముతాడు. నా గురించి ఏం చెప్పినా జనం నమ్మని రోజులున్నాయి గానీ, మరిచిపోయానంటే నమ్మని మనిషి ఇంతవరకూ తగల్లేదు.

నాకున్నదాని అసలు పేరు నలభై దాటాకే తెలిసింది. అంతవరకూ అన్నీ ముద్దుపేర్లే. అమ్మ గాలిబుర్ర అనేది. నాన్న తూనీగ అనేవాడు. కాలేజీలో లెక్చరరు, "ఆ మూడో బెంచీ మీద చున్నీ మాత్రం కూర్చుంది, అమ్మాయి ఇంకా రాలేదు" అనేవాడు. అయినా డిగ్రీ గట్టెక్కింది, ఎలాగో నాకే తెలియదు, పరీక్ష ముందు రోజు మాత్రం నా తల కొలిమిలా రాజుకునేది, పుస్తకం పుస్తకమంతా ఒక్క పూటలో లోపలికి పోయేది. ఈ డాక్టరుగారు అన్నీ విని ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని జబ్బు, అన్నారు. చిన్నప్పటి నుంచీ ఉండేదే, పెద్దయ్యాక బయటపడింది, సిగ్గుపడాల్సింది కాదు అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఇన్నాళ్ళూ ఒళ్ళు బద్ధకం కాదా ఇది, పొగరు కాదా అని. మందులు రెండు రకాలున్నాయట. ఒంటిని ఉత్తేజపరిచే రకం నా గుండె తీరుకు పడదట, అందుకని ఉత్తేజపరచని రకం రాశారు. అది పొయ్యి మీద పెట్టగానే కాగేది కాదు, కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలమ్మా అన్నారు. ఓపిక లేదనే కదండీ వచ్చాను అన్నాను. ఆయనా నవ్వారు. అప్పటికి నేనింకా మాత్ర మొదలుపెట్టలేదు.

మొదటి వారాలు నోరెండిపోయింది, కడుపులో తిప్పింది, అవి సర్దుకుంటాయన్నారు, సర్దుకున్నాయి కూడా. సర్దుకోనిది వేరే ఉంది. దాన్ని ఎలా చెప్పాలో ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ వెతుకుతున్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో మేకల్ని తోలుకెళ్ళేవాళ్ళం. వదలగానే ఒకటి గుట్టకు, ఒకటి వాగుకు, ఒకటి ఎవరి కంచె సందులోకో పోయేవి. నా తల ఎప్పుడూ అలాగే ఉండేది. అయితే పొద్దుగూకేసరికి అవన్నీ వాటంతటవే తిరిగొచ్చేవి, నిండు పొట్టలతో, ఎక్కడెక్కడివో ఆకులు నములుతూ. ఇప్పుడు మేకలు ఎటూ పోవడం లేదు. నిజమే, ఎటూ పోవడం లేదు. దొడ్లోనే ఒకదాని మీద ఒకటి నిలబడి అరుస్తున్నాయి. బయటివాళ్ళకు ఆ అరుపు వినిపించదు, దొడ్డి తలుపు గట్టిది. పోయినసారి వచ్చి, ఇంకా కుదరడం లేదండీ, ఇంకాస్త ఎక్కువైనట్టుంది, పట్టుకున్న ఆలోచన పట్టుకున్నట్టే కరిగిపోతోంది అంటే, డాక్టరుగారు తలూపి, అయితే మోతాదు చాలడం లేదు అని పెంచారు. ఆ రోజు తెలిసింది, నేనెక్కడ నిలబడ్డానో. బాగాలేదంటే పెరుగుతుంది. బాగుందంటే ఉంటుంది. ఏమీ అనకపోతే మళ్ళీ అదే చీటీ. ఆపేస్తానంటే, చూశారా, ఏదీ పట్టుమని నాలుగు నెలలు చెయ్యలేదు, జబ్బే అది అంటారు. అదీ నిజమే కావచ్చు. వీణ నేర్చుకుంటానని కొన్నాను, కుట్టుపూల దుకాణం పెడతానని బోర్డు రాయించాను, ఆ బోర్డు ఇప్పుడు కోళ్ళగూటికి పైకప్పు.

బోర్డు మీద అంకె మారింది. మాది కాదు. మాదేనా? కాదు. మా ఆయన లేచాడు, వరసంతా ఊగింది. "నీళ్ళు తెస్తానుండు. నీ పెదాలు చూడు, బీటలు వారిన చేను లాగున్నాయి" అని వెళ్ళాడు. వెళ్తూ ఈల వేశాడు, సన్నగా, పళ్ళ సందులోంచి. ఆయన బస్సు డ్రైవరు. పెళ్ళైన కొత్తలో ఏ మలుపులో ఏ పాట ఈల వేసేవాడో నాకు కంఠతా వచ్చు. మధ్యలో ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడాగిందో కూడా నేను గమనించలేదు, గమనించేదాన్నైతే ఈ గొడవే లేదు. రాత్రిళ్ళు లేచి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసుకునేవాడు, వీధి తలుపు లాగి చూసుకునేవాడు, నేను పెట్టాల్సిన చోట పెట్టని వస్తువులన్నీ మౌనంగా తీసి వాటి చోట పెట్టేవాడు. ఒక్కసారి గొంతెత్తి అరిచిన పాపాన పోలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని, తెల్లారేసరికి తేలిపోయేది. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు. మాత్ర నేను మింగితే నిద్ర ఆయనకు పట్టింది. బుగ్గలకు కాస్త నిండుదనం వచ్చింది. ఈల తిరిగొచ్చింది. నేను లోపలికెళ్ళి ఆపేయండి అంటే, ఆ ఈలను నా చేత్తో పట్టుకుని మళ్ళీ ఆయన నోట్లోకి కుక్కినట్టే. శత్రువు ఎదురుగా ఉంటే కొట్లాడొచ్చు. ఈల వేసే మనిషితో ఏం కొట్లాడతాం?

"అమ్మా, ఇక్కడ కూర్చోవచ్చా?" ఎవరో అమ్మాయి. తెల్లకోటు. మెడలో గుర్తింపు కార్డు. కోటు చేతులు పొడుగై మణికట్టు దగ్గర మడిచింది, ఆ మడత కూడా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. డాక్టరుగారు చేస్తున్న పరిశోధనలో పనిచేస్తోందట. ఈ ఉత్తేజపరచని మందు వేసుకుంటున్నవాళ్ళను కలిసి మాట్లాడుతోందట. "మందు మొదలుపెట్టాక మీ లక్షణాలు తగ్గాయా, అలాగే ఉన్నాయా, పెరిగాయా అండీ?" అంది, ఆ మాట పొద్దుటి నుంచి అని అని నాలుక అరిగిపోయిన గొంతుతో.

"పెరిగితే కూడా రాసుకుంటారా?"

"అసలు వాళ్ళ కోసమే వెతుకుతున్నామండీ. తగ్గినవాళ్ళు బాగానే దొరుకుతారు."

నా కోసం వెతుకుతున్నారు. ఎంతకాలమైంది ఎవరైనా నా కోసం వెతికి. నా వస్తువుల కోసం నేను వెతకడమే గానీ. గుండె దడదడమంది, అయితే ఈ మధ్య అది దేనికైనా దడదడమంటోంది, మాత్రదో సంతోషానిదో నేను చెప్పలేను. ఎలా పెరిగాయో చెప్పమంది. చెప్పాను: "అన్నీ ఎడమ చేతులే కోశానమ్మా."

కలం ఆగిపోయింది. ఆమెకు వివరించడానికి సంచీలోంచి ఆ రెండు గుడ్డముక్కలు తీశాను. చొక్కా చేతికి ముందు వైపు చంక దగ్గర కాస్త లోతు కోస్తాం, వెనక వైపు కాస్త నిండుగా వదులుతాం. అందుకే కుడిది కుడికే, ఎడమది ఎడమకే. గుడ్డ పొరల్ని మొహం మొహం కలిపి, అంటే మంచి వైపులు ఎదురెదురుగా, పరిస్తే ఒక్క గీతతోనే కుడీ ఎడమా జతగా తెగుతాయి. పొరలన్నీ మొహం పైకి పరిస్తే మాత్రం కొలత అట్టను తిరగేసి ఇంకో గీత గియ్యాలి. ఇది నేర్చుకోవాల్సిన సంగతి కాదు, అన్నం ముద్ద నోటికి పోవడం లాంటిది. బడిపిల్లల చొక్కాలు, ఒక పక్క నునుపు ఒక పక్క గరుకు ఉండే గుడ్డ. అన్నీ మొహం పైకే పరిచాను, ఒక్క గీతే గీశాను, కోత మర తిప్పాను, మోకాలెత్తు దొంతర కోశాను, కట్టలు కట్టి కుట్టేవాళ్ళకు పంపాను. కాసేపటికి మొదటి మిషన్ దగ్గర కూర్చునే ఆవిడ రెండు చేతులు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. తర్వాత ఇంకొకామె. మొత్తం దొంతరలో ఒక్క కుడి చెయ్యి లేదు. మా ఓనరమ్మ వచ్చి, అంత కుప్పనూ చూసి, నడుం మీద చెయ్యేసుకుని, "ఈ బడి పిల్లలందరూ ఎడమ చేతులు రెండేసి పెట్టుకుని పుట్టి ఉంటే ఎంత బాగుండేది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత గదిలోకి పిలిచి తలుపు మూసి, నెమ్మదిగా, కోపం లేకుండా, "వచ్చే వారం నుంచి గుండీల దగ్గర కూర్చో తల్లీ. మళ్ళీ నీ చెయ్యి నీకొచ్చినప్పుడు చూద్దాం" అంది. నా కత్తెర నేను తీసుకుని సంచీలో వేసుకున్నాను.

అమ్మాయి రెండు ముక్కల్నీ తిప్పి తిప్పి చూసింది. "దీనికి మా కాగితంలో గడి లేదండీ" అంది పాపం, నిజంగానే బాధపడుతూ. "పనిలో పొరపాట్లు అని ఉంది. ఎప్పుడూ లేవు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ఏది పెట్టమంటారు? ఇలా ఎన్నిసార్లు జరిగింది?"

"ఒకసారే."

"అయితే అప్పుడప్పుడు." టిక్కు పెట్టింది. ఇంత కుప్ప అంత టిక్కులో ఇమిడిపోయింది. గొడ్డలి దెబ్బ కూడా ఒకసారే పడుతుంది, అదీ అప్పుడప్పుడు కిందికే వస్తుందేమో. బల్ల దగ్గర నాకేమయ్యేదో ఆమెకు ఎలా చెప్పను? ఇంట్లో ఎంత చెల్లాచెదురుగా ఉన్నా, దారిలో రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయినా, ఆ బల్ల ముందు నిలబడి సుద్ద చేతికి తీసుకోగానే తలలో ఉన్నవన్నీ ఒక్కసారి ఒకే వైపు తిరిగేవి, గాలికి చేను ఒక పక్కకు వంగినట్టు. గుడ్డ చూస్తే మనిషి కనిపించేవాడు. ఎక్కడ జానెడు మిగులుతుందో, ఆ మిగిలినదాంట్లో జేబు ఎలా పడుతుందో అట్ట పెట్టకముందే తెలిసేది. అది నేను సంపాదించుకున్నది కాదు, ఆ పిచ్చితో పాటే వచ్చింది. ఇప్పుడు బల్ల ముందు నిలబడితే చేను కదలదు. గాలి ఉంది, నాకు తెలుస్తోంది, చెవుల్లో హోరుమంటోంది, ఒక్క కంకి మాత్రం వంగదు.

మా ఆయన నీళ్ళ సీసాతో వచ్చాడు. ముక్కలు గబుక్కున సంచీలో కుక్కాను. ఇంట్లోవాళ్ళను కూడా అడగాలండీ అంది అమ్మాయి. ఆయన తుడుచుకోవాల్సిన అవసరం లేని చేతుల్ని ప్యాంటుకు తుడుచుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా కూర్చుని, "చాలా నయమమ్మా, రాసుకో" అన్నాడు. "మధ్యలో మాట అందుకోవడం లేదు. వస్తువులు పోవడం లేదు. చెప్పింది చివరిదాకా వింటోంది. మా అమ్మాయి కూడా అదే అంటోంది." అన్నీ నిజాలే. ఒక్కటి అబద్ధమైనా పట్టుకుని లాగేదాన్ని. తెల్లకోటు అమ్మాయి గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోయింది, ఆయన మాటలకు అన్నిటికీ గడులున్నాయి.

"మేమిద్దరం చెరో రకంగా చెబితే ఎవరి మాట తీసుకుంటారమ్మా?" అన్నాను.

కలం మూత కొరికింది. "అదేనండీ మా తలనొప్పి. మందు వల్ల పెరిగిందా, జబ్బే అలా ఎగుడుదిగుళ్ళుగా ఉంటుందా, లేకపోతే ఇప్పుడు పేరు తెలిశాక మీరే ఎక్కువగా గమనించుకుంటున్నారా, అది తేల్చడం కష్టం. పైగా మరుపు కూడా లక్షణమే కదా. అందుకని మా దాంట్లో కాస్త ఇంట్లోవాళ్ళ మాట వైపు మొగ్గుతాం." చెప్పి, చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నట్టు నా మోచెయ్యి తట్టి, డాక్టరుగారి గదిలోకి వెళ్ళిపోయింది. నా మతిమరుపుకు ఇంటినిండా సాక్షులున్నారు. నా మతికి ఎవరున్నారు? నాకే అనుమానం వస్తుంది ఒక్కోసారి. ఆ ఎడమ చేతులు మాత్ర కోసినవా, నేను కోసినవా? మాత్ర లేకపోయినా ఆ రోజు అలాగే పరిచేదాన్నేమో. కాదు. ఏమో. ఎవరి తలనైతే నమ్మకూడదంటున్నారో ఆ తలతోనే ఆలోచించి తేల్చుకోవాలి, ఇంకో తల ఎవరు అప్పిస్తారు?

మా ఆయన సీసా మూత తిప్పి ఇచ్చాడు. తాగాను. నీళ్ళకు ప్లాస్టిక్ వాసన. మా అమ్మాయి కూడా అదే అంటోందని ఇందాక అన్నాడు. మా అమ్మాయి అన్నది అది కాదు, ఆయన సగమే విన్నాడు. ఈ మందు గురించి ఫోన్లో తనే వెతికి చదివి వినిపించింది, కొందరికి ఎక్కువవుతోందన్న దాని మీద ఎవరెవరో పరిశోధనలు చేస్తున్నారట, ఇంకా తేలలేదట. చదవడం ఆపి, ఫోను బోర్లించి, "అమ్మా, నువ్విప్పుడు నా మాటకు అడ్డు రావట్లేదు" అంది. మంచిదే కదే అన్నాను. "మంచిదే. కానీ నేను చెప్పేది అయిపోతోంది" అంది. ఇదివరకు కాలేజీలో ఎవరి గొడవో మొదలుపెడితే నేను మధ్యలో దూకి నా కాలేజీకి పోయి, అక్కణ్ణించి ఇద్దరం కలిసి ఎవరి పెళ్ళిలోనో తేలి, అన్నం చల్లారిపోయి, మొదట ఏం చెప్పబోయిందో ఇద్దరం మరిచిపోయేవాళ్ళం. ఇప్పుడు అది చెబుతుంది, నేను వింటాను, చెప్పడం అయిపోతుంది, పళ్ళేలు కడిగేస్తాం. అందుకే పక్కింటావిడకు మా గిన్నెల చప్పుడు వినిపించడం లేదు.

అమ్మమ్మ వాళ్ళకు ఒక ఎర్రావు ఉండేది. కంచె అంటే దానికి లెక్కే లేదు, ఒక్క దూకులో పక్కవాళ్ళ చేలో తేలేది. రోజూ తగవే. ఒకరోజు మామయ్య దాని మెడకు గుదిబండ కట్టాడు, ముందరి మోకాళ్ళ మధ్య వేలాడే దుంగ. నడిస్తే ఏమీ అనదు, పరిగెత్తబోతే మోకాళ్ళకు కొట్టుకుంటుంది. కొద్ది రోజులకు ఆవు నెమ్మదించింది. తగవుకు వచ్చేవాళ్ళే వచ్చి, సాధువైపోయిందే అని గంగడోలు నిమిరి వెళ్ళారు. నేను దాని ఎదురుగా రాయి మీద కూర్చుని చూసేదాన్ని. చెవులు చేనువైపే ఉండేవి. చర్మం ఉండుండి జలదరించేది, దూకబోయే ముందు జలదరించినట్టే, కాళ్ళు మాత్రం కదిలేవి కాదు. తర్వాత పాలు తగ్గాయి. మామయ్య గడ్డి మార్చాడు, చిట్టూ తవుడూ ఎక్కువ పెట్టాడు, పశువుల డాక్టరును పిలిచాడు. అందరూ దాని పొదుగే చూశారు. ఆ మోకాళ్ళు ఎంత వాచి ఉన్నాయో...

"ఏమోయ్, మనదే." మా ఆయన మోచేత్తో పొడిచాడు. బోర్డు మీద మా అంకె ఎప్పటి నుంచి వెలుగుతోందో. లేచాం, వరసంతా ఊగింది, ఎవరో ముసలాయన నిద్రలో ఉలిక్కిపడ్డాడు. తలుపు నెట్టాలో లాగాలో రాసి ఉంది, చదివాను, నెట్టాల్సింది లాగాను. ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాపి నెట్టాడు. ఎప్పుడూ అంతే, ఏ తలుపైనా నా భుజం మీదుగా ఆయన చెయ్యి వస్తుంది. ఎంత మంచి చెయ్యి అది. లోపల గది చిన్నది, చల్లగా ఉంది, నాలుగు గోడలూ లేత ఆకుపచ్చ, మూల కుర్చీలో ఇందాకటి అమ్మాయి, ఒళ్ళో కాగితాలు. డాక్టరుగారు అలసిపోయి ఉన్నారు, అయినా కుర్చీలోంచి సగం లేచి కూర్చోమన్నారు. చెడ్డ మనిషైతే సులువుగా ఉండేది. ఈ గదిలో ఒక్క చెడ్డ మనిషి లేడు, అదే నా ఖర్మ.

"చెప్పండమ్మా, ఎలా ఉంది ఇప్పుడు?"

చెప్పాలి. మేకల గురించి చెప్పాలి, చేను గురించి, ఆవు మోకాళ్ళ గురించి. మూడూ ఒకేసారి గొంతులోకి వచ్చి సందులో ఇరుక్కున్నాయి. మా ఆయన గొంతు సవరించుకుంటున్నాడు, నా బదులు మొదలుపెట్టడానికి, నా భుజం మీదుగా. సంచీలో చెయ్యి పెట్టాను. కత్తెర తగిలింది, చల్లగా. దాని పక్కన గుడ్డ. రెండు ముక్కలూ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచి, మడతలు అరచేత్తో సాపు చేశాను. "రెండూ ఎడమవేనండీ. ఇలాంటివి బల్లంతా కోశాను. ఇరవై ఏళ్ళుగా ఎప్పుడూ కొయ్యలేదు. నన్ను కత్తెర పని నుంచి తీసేశారు. దయచేసి మోతాదు పెంచకండి, నాకు ఆపే దారి చెప్పండి."

మా ఆయన ముక్కల వంక చూశాడు, నా వంక చూశాడు, తెరిచి ఉన్న సంచీలో కత్తెర వంక చూశాడు. "తీసేశారా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, కింద మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టుంది. డాక్టరుగారు ఒక ముక్క ఎత్తి చూశారు. కొందరికి ఈ మందు ఇలా తిరగబడడం ఉంది, తోసిపుచ్చలేం అన్నారు. పని ఒత్తిడి కూడా కావచ్చు అన్నారు. మూల అమ్మాయి కాగితాలు తిప్పింది, కావాల్సిన పేజీ దొరక్కో, దొరికో. తర్వాత ఆయన ముక్కను జాగ్రత్తగా దాని జత కాని జత పక్కన పెట్టి, మా ఆయన వైపు తిరిగారు. "మీరు చెప్పండి సార్. రోజూ చూస్తున్నది మీరే కదా."

మా ఆయన ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు. నా మీద ప్రేమ లేక కాదు, నాకు తెలుసు. ఇన్నేళ్ళకు దొరికిన నిద్ర అది. "ఆ పని సంగతి నాకు తెలియదండీ, ఇప్పుడే వింటున్నాను" అన్నాడు. "కానీ ఉన్నమాట చెప్పాలి కదా. ఇంట్లో మాత్రం, ఈ మందు మొదలుపెట్టాక, ఎంత నెమ్మదిగా ఉందో చెప్పలేను."

"నెమ్మదిగా ఉన్నది ఇల్లు. మాత్ర మింగుతున్నది నేను."